ముడి లేని కుట్టు

ఆ ఏడు మాకు మూడో నెల రెండుసార్లు వచ్చింది. అధిక మాసంలో దేవుళ్ళూ దయ్యాలూ కూడా కళ్ళు మూసుకుని ఉంటాయంటారు మా వైపు. అందుకని మామూలు రోజుల్లో ముట్టుకోవడానికి జంకే పనులన్నీ ఆ నెల కోసం అట్టేపెడతారు. సమాధి మార్చాలన్నా, పాత గోడ పడగొట్టాలన్నా, ఇంట్లో పెద్దవాళ్ళకి ఆఖరి బట్టలు కుట్టి పెట్టెలో పెట్టాలన్నా అప్పుడే. ముందే కుట్టించుకున్నవాళ్ళకి ఆయుష్షు పెరుగుతుందట. మా అత్తగారికి యాభై ఎనిమిది నిండాయి. ఆయుష్షు మీద తనకేం ఆశ లేదని రోజుకి నాలుగుసార్లు అనేది గాని, ఆఖరి బట్టలకి కావలసిన నార బట్ట మాత్రం పొరుగూరు నుంచి తనే బేరమాడి తెప్పించుకుంది.

నేను ఆ పాన్ వారి ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళయింది. నా పేరుతో అక్కడ ఎవరికీ పని లేదు. సోల్మి అనే ఊరి నుంచి వచ్చాను కనుక సోల్మి పిల్లని, అంతే.

"ఒసేయ్ సోల్మి పిల్లా, మళ్ళీ ముడి వేశావూ! నన్ను కట్టేసి పాతిపెడతావా ఏం?" అనేది అత్తగారు నా చేతిలో గుడ్డ లాక్కుని.

పోయేవాళ్ళ బట్టలకి దారం చివర ముడి వెయ్యకూడదు. ముడి ఉంటే వాళ్ళ కాలికి తగులుకుంటుందనీ, ఉన్నవాళ్ళ బతుకు చిక్కుపడుతుందనీ నమ్మకం. దారం ఊరికే దూర్చి, లాగి, చివర అలా వదిలెయ్యాలి. సూది పట్టిన నాటి నుంచి ప్రతి కుట్టుకీ ముడి వేసిన చెయ్యి నాది. మొదటి మూడు రోజులూ తిట్లు తిన్నాను. నాలుగో రోజుకి వేళ్ళు వాటంతట అవే నేర్చుకున్నాయి. నేర్చుకోకపోయినా బాగుండేదని ఆ నెల సగమయ్యేసరికి అనిపించింది.

తెల్లబట్టల సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా వాళ్ళు ముసలీ ముతకా అంతా తెలుపే కట్టేవారు. చూసేవాళ్ళకి అది వెన్నెల. ఉతికేవాళ్ళకి చాకిరీ. ఒక్కో అంగీ కుట్లన్నీ విప్పి, బూడిద నీళ్ళలో ఉడకేసి, ఏట్లో జాడించి, గంజి పెట్టి, రాతి పలక మీద మడతేసి రెండు చేతుల్లో రెండు కర్రలతో నున్నబడేదాకా కొట్టి, మళ్ళీ కుట్టాలి. నేనూ అత్తగారూ ఎదురెదురుగా కూర్చుని కొట్టేవాళ్ళం. నా దెబ్బ తప్పితే ఆవిడ కర్ర నా వేళ్ళ మీద పడేది. "మీ అమ్మ గంజి తాగించి పెంచిందా, సత్తువ లేదు" అనేది. నిజం చెబుతున్నాను, నల్లలంగా వేసుకుని బడికి వెళ్ళే ఉపాధ్యాయురాలిని చూసినప్పుడల్లా నాకు కుళ్ళు పుట్టేది. ఆ లంగా నెలకోసారి ఉతికితే చాలు కదా అని.

కాబట్టి ఆ వసంతంలో మా దేశాన్ని ఏలుతున్న జపాను వాళ్ళ ప్రభుత్వం తెల్లబట్టలు మానేసి రంగు బట్టలు కట్టండని హుకుం పంపినప్పుడు, అందరిలాగా నా గుండె మండలేదు. అది నా తప్పే అనుకోండి. మనదాన్ని మనమే వదులుకోవడం వేరు, ఒకడొచ్చి విప్పించడం వేరు అని నాకు తెలియడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

మా ఆయన పేరు తేగ్యూ, కల్చోన్ ఊరి కచేరీలో గుమాస్తా. హుకుం కాయితం ఊరూరా చదివి వినిపించింది ఆయనే. తెల్లబట్ట తొందరగా మాసిపోతుంది, ఉతకడంలో ఆడవాళ్ళ పొద్దంతా పోతుంది, దేశం వెనకబడుతుంది అని అందులో రాసి ఉంది. చదివి ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే అత్తగారు అడిగింది.

"ఏరా, మా పొద్దు మీద వాళ్ళకంత బెంగేమిటి? వచ్చి రెండు అంగీలు ఉతికి పెట్టమను."

"అమ్మా, నెమ్మదిగా."

"నెమ్మదిగా ఏమిటి, కర్రతో కొట్టేదాన్ని, నాకు నెమ్మదెక్కడిది?"

మామగారు ఆ మాటల్లో ఎప్పుడూ కలగజేసుకోలేదు. వాళ్ళమ్మ అంతకు ముందు కోతల కాలంలో పోయింది. తల్లి పోయిన కొడుకు మా లెక్కన పాపాత్ముడు. మూడేళ్ళపాటు ముతక నార అంగీ తొడుక్కుని, బయటికి వెళితే భుజాల దాకా దిగే పెద్ద వెదురు టోపీ పెట్టుకుని, ఆకాశానికి మొహం చూపించకుండా తిరగాలి. ఆ టోపీ కింద ఉన్నవాణ్ణి ఎవరూ పలకరించరు, తొంగి చూడరు. కొత్త చట్టంలో ఆ మూడేళ్ళు కూడా కుదించారు. మామగారు ఆ చట్టం గురించి విన్నారు. విననట్టే ఉన్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖునా, పదిహేనునా పొద్దున్నే తల్లికి భోజనం పెట్టి దణ్ణం పెట్టేవారు. అందుకు ఎండుచేపలు ముందు రోజు సంతలో తనే కొనుక్కొచ్చేవారు. కల్చోన్ సంత నాలుగునా తొమ్మిదినా జరుగుతుంది కనుక, పద్నాలుగున వెళితే పదిహేనుకి సరిపోయేది.

అధిక మాసం నాలుగో తారీఖు సంతలో మొదలైంది అసలు సంగతి. సంత దారికి అడ్డంగా తాడు కట్టి, పక్కన నల్లసిరా బకెట్టు పెట్టి, తెల్లబట్టలతో వచ్చిన ప్రతివాడి వీపు మీదా కుంచెతో గీత గీశారు. గీసింది కచేరీ గుమాస్తాలు. పక్కన కత్తి వేలాడేసుకుని పోలీసు నిలబడ్డాడు. సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా చేతులు కడుక్కున్నారు. బూడిదతో తోమారు, ఇసకతో తోమారు. నేను నీళ్ళు పోస్తుంటే గోళ్ళ సందుల్లోంచి నలుపు పోనే లేదు.

"ఎంతమందికి?" అన్నాను మెల్లిగా.

"లెక్కపెట్టలేదు." గోళ్ళ మీద మళ్ళీ ఇసక రుద్దుకుంటూ, "ఒకావిడ పెళ్ళిబట్ట అండీ అని దణ్ణం పెట్టింది" అన్నారు.

"మీరేం చేశారు?"

ఆయన చెంబు నా చేతిలోంచి తీసుకుని మిగిలిన నీళ్ళు తనే పోసుకున్నారు.

పదకొండో తారీఖున అనుకుంటాను, కచేరీ పెద్ద నాంగుంగ్ గారు పిలిచి మందలించారట. ఆయన మావాడే, మా భాషే, మా అన్నమే. కాకపోతే నిలువెల్లా ఖాకీ. "ఊరందరి వీపులూ నల్లగా చేశావు, మీ నాన్న వీపు ఇంకా తెల్లగానే ఉందంటున్నారు జనం. వచ్చే సంతకి ఆయనే ముందు రంగు బట్టలో కనబడాలి. లేదూ, నీ స్థానంలో ఇంకొకడు గీస్తాడు, మీ నాన్న వీపు మీద కూడా వాడే గీస్తాడు" అన్నారట. ఆ సాయంత్రం మా ఆయన తండ్రి గది ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. మా ఇంట్లో మాటలన్నీ నేను ఆ తలుపు వెనకే విన్నాను.

"నాన్నగారూ, పద్నాలుగున సంతకి వెళ్ళకండి. చేపలు నేను తెస్తాను."

"ఆ చేతులతోనా?" అన్నారు మామగారు. గొంతులో కోపం లేదు. నిజంగా అడిగినట్టే అడిగారు.

"పోనీ పైన బూడిదరంగు కోటు వేసుకోండి. తాడు దాటాక విప్పెయ్యండి."

"తేగ్యూ, నేను తల్లిని పోగొట్టుకున్నవాణ్ణి. తాడు ఇవతల ఒక కొడుకునీ, అవతల ఒక కొడుకునీ కాలేను. నీ ఉద్యోగం నువ్వు చేసుకో. నా సంతకి నేను వెళతాను" అన్నారు.

మా ఆయన లేచి వెళుతూ నా వైపు చూశారు. ఎలుకల బోనులో పడ్డదానికి కూడా ఒక తలుపుంటుంది. మా ఇంటికి అది కూడా కనబడలేదు నాకు. ఆయన ఉద్యోగం మానేస్తే ఆ కుంచె పరాయివాడి చేతికి వెళుతుంది. మానకపోతే ఆయన చేతిలోనే ఉంటుంది.

అలాంటప్పుడు మామగారికి జ్వరం వచ్చింది. పన్నెండున తల్లి సమాధి దగ్గర వానలో నిలబడి వచ్చారు, పదమూడుకి ఒళ్ళు కాలిపోయింది. నాకు లోపల్లోపల సంతోషం వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, దేవుళ్ళు కళ్ళు మూసుకున్నా ఒక కన్ను తెరిచారనుకున్నాను. కాని ఆయన ఆ జ్వరంలోనే టోపీ ఇమ్మని లేచి కూర్చుంటారు. నిలబడలేక పడిపోతారు. పద్నాలుగు పొద్దున మా ఆయన కచేరీకి వెళ్ళిపోయారు, తండ్రి తలుపు మూసే ఉందని తొంగి చూడలేదు. అత్తగారు మామగారికి కషాయం తాగించి, "మీ పినతండ్రి కొడుకు సంతకి వెళుతున్నాడు, చేపలు తెస్తానన్నాడు, పడుకోండి" అని అబద్ధమాడి గోడ వైపు తిప్పి పడుకోబెట్టింది. తరవాత వంటింట్లోకి వచ్చి నార అంగీ, గడ్డిచెప్పులు, వెదురు టోపీ నా ముందు పెట్టింది.

"తొడుక్కో."

"నేనా?"

"మరి నేనా? మోకాళ్ళు రాక చస్తున్నాను. ఆయనా నువ్వూ ఒకటే ఎత్తు."

"అత్తయ్యా, ఆడదాన్ని! ఎవరైనా చూస్తే?"

"ఎవరు చూస్తారే ఆ టోపీ కింద? మా తాతల కాలంలో పసుప్పచ్చ జుట్టు పరదేశీ మతబోధకులు ఈ టోపీ కింద దూరే దేశమంతా తిరిగారట. కళ్ళు నీలం, ముక్కు ఇంత పొడుగు, ఒక్కడికీ అనుమానం రాలేదు. నీ ముక్కుకేం భయం, ఉన్నదే గోరంత."

నాకు నవ్వొచ్చింది. భయంలో వచ్చే నవ్వు.

"తాడు దగ్గర ఆయన ఉంటారు కదా" అన్నాను.

అత్తగారు అంగీ నడుం తాడు బిగిస్తూ నా మొహం వైపు చూడలేదు. "ఉంటాడు. ఉంటాడనే పంపిస్తున్నాను. తండ్రి అనుకుని దారి వదులుతాడు. నా కొడుకు తండ్రి వీపు మీద కుంచె పెట్టడు. ఎవడు పెట్టమన్నా పెట్టడు."

చేపల కోసమే అయితే వేరే దారి చూసుకునేది ఆవిడ. ఆవిడకి కొడుకు సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆ మాట ఎంత నిక్కచ్చిగా అందో, కొడుకేం చేస్తాడో ఆవిడకి అంతగా తెలియదని నాకప్పుడే తెలిసింది. నాకూ తెలుసుకోవాలనే ఉంది. అందుకే ఇంకేం మాట్లాడకుండా బయల్దేరాను.

నా జన్మలో మొదటిసారి నేను ఒంటరిగా రోడ్డు మీద నడిచాను. టోపీ అంచు కింద నాకు కనబడేది రెండు మూరల నేల. దాని మీద ఎదురొచ్చేవాళ్ళ కాళ్ళు. ఆ కాళ్ళన్నీ నన్ను చూసి పక్కకి తప్పుకునేవి. కొండదారిలో గులాబిరంగు పూలరేకులు రాలి ఉన్నాయి, వాటి మీద నుంచి నడిచాను. గడ్డిచెప్పు మడమ దగ్గర కొరుకుతోంది. అయినా ఇంకా దూరం ఉంటే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది.

తాడు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. బూట్లు కనబడ్డాయి, వాటి పక్కన కత్తి ఒర కొన. సిరా వాసన కుళ్ళిన ఆకుల్లా ముక్కుకి కొట్టింది. నా ముందున్న ముసలాయన, "బాబూ, ఒక్కటే అంగీ ఉంది బాబూ" అంటున్నాడు. కుంచె పడిన చప్పుడు వినబడింది. తడిగుడ్డ గోడకి కొట్టినట్టు ఉంటుంది ఆ చప్పుడు. తరవాత నా వంతు.

బకెట్టు పక్కన ఉన్న కాళ్ళని గుర్తుపట్టాను. ఆ మేజోళ్ళ మడమకి మాసిక వేసింది నేనే. ఆ కాళ్ళు కదలకుండా నిలబడిపోయాయి. టోపీ అంచు విరిగితే నేను కట్టిన నీలం దారం ఆయనకి కనబడే ఉంటుంది. తండ్రి టోపీ అది.

"ఏమిటాగావు?" అంది నాంగుంగ్ గారి గొంతు. "ఓహో. మీ పెద్దాయన."

"జ్వరంగా ఉంది... దుఃఖంలో ఉన్న మనిషి" అన్నారు మా ఆయన.

"దుఃఖం గడువు చట్టంలో రాసి ఉంది. నువ్వే చదివి వినిపించావు. ఊరంతా చూస్తోంది తేగ్యూ. కానియ్."

నేను టోపీ ఎత్తెయ్యవచ్చు. ఎత్తితే ఆయన ఆ పని చెయ్యక్కర్లేదు. కాని పాన్ వారి కోడలు మగబట్టలతో సంతలో దొరికిందన్న మాట మామగారి చెవిన పడుతుంది. ఆ జ్వరానికి ఆ మాట తోడైతే ఆయన లేవరు. అదొక్కటే కాదు. వదిలేస్తాడు, ఇప్పుడు వదిలేస్తాడు అని నా ప్రాణం అంటోంది. అందుకని అలాగే నిలబడ్డాను.

ఆ కాళ్ళు నా చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాయి. ఎండ వెనక నుంచి పడుతోంది. ఆయన నీడ నా ముందు నేల మీదకి వచ్చింది. కుంచె పట్టుకున్న కుడిచెయ్యి లేచింది. దాని మణికట్టు కింద ఎడమచెయ్యి వచ్చి పట్టుకుంది.

మా ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఏదిచ్చినా అలా ఇస్తాం. తండ్రి గిన్నెలో సారా పోసేటప్పుడు కొడుకు చెయ్యి అలాగే ఉంటుంది. ఆయన తండ్రికి ఎలా పోస్తారో నేను నాలుగేళ్ళు చూశాను. అదే చెయ్యి, అదే వంపు. అలా పట్టుకుని భుజం నుంచి నడుం దాకా గీత గీశారు. మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ కిందికి లాగారు. నార బట్ట గుండా చల్లగా ఒంటికి తగిలింది.

తాడు ఎత్తారు. వెళ్ళి చేపలు కొన్నాను. చేపల ముసలమ్మ దుఃఖంలో ఉన్నవాళ్ళని పలకరించకూడదు కనుక పలకరించకుండానే, మంచివి మూడు ఏరి గడ్డితాడుతో కట్టి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గడప మీద కూర్చుని ఉంది. నా మొహం చూడలేదు. లేచి నా వెనక్కి వెళ్ళింది. నా వెనక ఎంతసేపు నిలబడిందో తెలియదు. కోడిపిల్లలు వచ్చి నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాయి.

"విప్పు" అంది చివరికి. "ఆయన లేచేలోపల కొత్త ముక్క వేసెయ్యాలి."

తన ఆఖరి బట్టల కోసం దాచిన నార బట్ట తెచ్చి, వీపుకి సరిపడా కత్తిరించింది. అంత బేరమాడి తెచ్చుకున్న బట్ట. కత్తెర సరిగ్గానే నడిచింది. ఆ మధ్యాహ్నమంతా నేను కుట్టాను, ఆవిడ పక్కన కూర్చుంది. ఒక్క తిట్టు లేదు. సిరా ముక్క పొయ్యిలో పెట్టెయ్యమంది. పెట్టబోయాను. దుఃఖపు బట్ట గడువు తీరాకే కాలుస్తాం, ముందే కాలిస్తే ఆ పోయిన తల్లిని ఇంట్లోంచి గెంటినట్టు. అందుకని పొయ్యి దాకా తీసుకెళ్ళి, కట్టెల వెనక దోపేశాను.

మా ఆయన చీకటిపడ్డాక వచ్చారు. తండ్రి తలుపు ముందు నిలబడ్డారు. తలుపు సందులోంచి లోపల మామగారు గోడ వైపు తిరిగి పడుకుని కనబడ్డారు. జ్వరానికి పడుకున్న మనిషిని చూసి ఆయన ఏమనుకుని ఉంటారో నాకు తెలుసు. తన మొహం చూడలేక గోడ వైపు తిరిగారనుకుని ఉంటారు. మా గదిలోకి వచ్చాక నన్నడిగారు.

"నాన్నగారు సంత నుంచి వచ్చి ఏమైనా అన్నారా?"

నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన కాదండీ, నేను అని. ఆ ఒక్క మాటతో ఆయన బరువు దిగిపోయేది. అయినా అనలేకపోయాను. నా మీద గీసినందుకు కోపం కాదు. నేనని తెలియక గీశారు. తండ్రి అని తెలిసి గీశారు. తండ్రి కాదని చెప్పగానే ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుంటారే, ఆ ఊపిరి వినలేననిపించింది.

"ఏం అనలేదు" అన్నాను. అబద్ధం కూడా కాదు.

పదిహేను పొద్దున జ్వరం విడిచింది. మామగారు లేచి మొహం కడుక్కుని నార అంగీ తొడుక్కున్నారు. జ్వరం నీరసంలో వీపు సంగతి గమనించలేదు. తల్లి ఆత్మ కోసం కట్టి ఉంచిన తెర ముందు చేపలూ, అన్నం, పులుసూ అమర్చాను. ఆయన ముందు నిలబడ్డారు, మా ఆయన ఒక అడుగు వెనక. మా ఆయన కళ్ళు ఎదురుగా ఉన్న తండ్రి వీపు మీదే ఉన్నాయి. ఎక్కడ నలుపుండాలో అక్కడ లేతపసుపుగా కొత్త నార ఉంది. అమ్మ ముక్క మార్చిందనుకున్నారు కాబోలు.

మామగారు "ఆయ్‌గో, ఆయ్‌గో" అని దుఃఖపు రాగం తీసి మొదటి దణ్ణం పెట్టారు. నుదురు చాపకి ఆనించి లేచారు. రెండో దణ్ణానికి వంగినప్పుడు చిన్న చప్పుడైంది. కొత్త ముక్క భుజం దగ్గర విడిపోయి, కుట్టు వెంట జారుతూ జారుతూ నడుం దాకా వచ్చి, ఆయన వీపు మీంచి వేలాడింది. దారం ఎక్కడా తెగలేదు. దానంతటది బయటికి వచ్చేసింది.

నేను నా వేళ్ళ వైపు చూసుకున్నాను. పది రోజులుగా నేర్చుకున్న వేళ్ళు. బతికున్న మనిషి బట్టని పోయినవాళ్ళ కుట్టుతో కుట్టేశాను. పక్కనే కూర్చున్న అత్తగారు చూసి కూడా చూడలేదు.

మామగారు లేచి కూర్చుని, చెయ్యి వెనక్కి పెట్టి అంచు తడిమారు. ఆయనకి బట్ట సంగతి తెలుసు.

"ఎవరు కుట్టారిది?"

"నేను, మామయ్యగారూ."

"ముడి ఏదమ్మా? నేనింకా ఉన్నాను కదా."

అత్తగారు మొహం పక్కకి తిప్పుకుంది.

"కొత్త ముక్క ఎందుకు వేశారు? పాతదానికేమైంది?"

"ఎలకలు కొట్టాయి" అంది అత్తగారు టక్కున. "ఈ ఇంట్లో ఎలకలకేం తక్కువ?"

"ఎలకలు కాదు" అన్నారు మా ఆయన. ఎప్పుడు వంగారో, నుదురు చాప మీద ఉంది. "అమ్మ నన్ను కాస్తోంది. నిన్న తాడు దగ్గర నేను మీ వీపు మీద గీశాను. మీరని తెలిసే గీశాను. నన్ను ఒక్క మాటనండి నాన్నగారూ. గోడ వైపు తిరక్కండి."

మామగారు కొడుకు తల వైపు వంగారు.

"నిన్న నేను పక్క మీంచి లేవలేదు" అన్నారు.

మా ఆయన తలెత్తారు. తల్లి వైపు చూశారు. తరవాత నా వైపు. చూపు కిందికి దిగి నా మడమల దగ్గర ఆగింది. గడ్డిచెప్పులు కొరికిన చోట చర్మం లేచిపోయి ఉంది. ఆయన మొహంలోకి ఊరట వచ్చింది. నేను చూడలేననుకున్నదే, చూశాను. రెప్పపాటు కూడా నిలవలేదు. తండ్రికి ఇప్పటిదాకా తెలియని సంగతి తన నోటితోనే చెప్పేశానని ఆయనకి తట్టింది. మళ్ళీ నుదురు చాపకి ఆనించారు.

తెర ముందు పులుసు చల్లారిపోతోంది.

"లే" అన్నారు మామగారు. "ముందు నాయనమ్మకి సారా పొయ్యి. ఆవిణ్ణి ఆకలితో కూర్చోబెట్టకూడదు."

మా ఆయన లేచి గిన్నె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. కుడిచేత్తో సీసా ఎత్తారు. మణికట్టు కింద ఎడమచెయ్యి వచ్చి పట్టుకుంది. నేను తల తిప్పేసుకున్నాను. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏం పోసినా నేను ఆ చేతుల వైపు చూడను.

మూడో దణ్ణమూ అయింది. తెర దించాక మామగారు అంగీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. వీపు ఎముకలు కనబడుతున్నాయి.

"పాత ముక్క కాల్చేశారా?"

అత్తగారు అవునని తలూపుతోంది. నేను లేదన్నాను. కట్టెల వెనక నుంచి తీసి, దుమ్ము దులిపి తెచ్చాను. ఆయన మోకాళ్ళ మీద పరుచుకుని, ఆ నల్లగీతని పై నుంచి కింది దాకా వేలితో తడిమారు. గీత మధ్యలో ఒకచోట సిరా ఎక్కువ దిగి మచ్చయింది. అక్కడ వేలు ఆగింది.

"ఇక్కడ ఆగాడు" అన్నారు.

"అవును మామయ్యగారూ. ఆగారు."

మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన వినాలని కాస్త గట్టిగానే అన్నాను.

మామగారు అత్తగారి కొత్త నార ముక్కని జాగ్రత్తగా మడిచి ఆవిడకి తిరిగిచ్చేశారు. "ఇది నీది, నీ పెట్టెలో పెట్టుకో." సిరా ముక్కా అంగీ నాకిచ్చారు. "దీన్నే మళ్ళీ కుట్టమ్మా."

"వద్దండీ!" అంది అత్తగారు. మొత్తం నెలలో ఆవిడ గొంతు వణకడం అప్పుడే విన్నాను. "ఊరంతా చూస్తుంది."

"చూడనీ. నా కొడుకు నాకోసం పెట్టినది. ఈ పిల్ల నాకోసం మోసింది. గడువు తీరేదాకా తొడుక్కుంటాను." చాప అంచు సర్దుతూ, "ఒకటో తారీఖు చేపలకి ఇరవైతొమ్మిదిన సంతకి నేనే వెళతాను. తాడు దగ్గర వాడికి మళ్ళీ శ్రమ ఉండదు" అన్నారు.

మా ఆయన బయటికి వెళ్ళిపోబోయారు. గడప దాకా వెళ్ళి, దాటలేక, వెనక్కి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. కచేరీకి వేళైంది. ఎవరూ గుర్తుచెయ్యలేదు. నేను ముక్కని అంగీకి ఆనించి సూది తీస్తుంటే, జారిపోకుండా అవతలి అంచు ఆయన పట్టుకున్నారు. గోళ్ళలో ఇంకా నలుపుంది.

"అమ్మాయ్" అన్నారు మామగారు లోపలికి వెళుతూ, "ఈసారి ముడి వెయ్యి."

దారం ఎక్కించి, చివర ముడి వేశాను. ఒకటి చాలదనిపించి, దాని మీద ఇంకొకటి వేశాను.